బుధవారం పుట్టిన సర్వరు

తప్పు నాదేనని మీరూ అనేస్తే ఎట్లాగండీ సిద్ధాంతిగారూ? నోటితో అనలేదు, నిజమే. కానీ నేను గడపలో కాలు పెట్టగానే కళ్ళజోడు పైకి తోసుకుని ఒక చూపు చూశారే, ఆ చూపుకి అర్థం నాకు తెలీదా? జగ్గయ్యపేటలో ఈ వీధిలోనే పుట్టి పెరిగినదాన్ని.

మౌనంలో ఉన్నారని ప్రసూనాంబ పిన్నిగారు గుమ్మంలోనే చెప్పారు. ఇవాళ సోమవారం, దీపం పెట్టేదాకా మాట్లాడరట గదా. మంచిదే లెండి. నిన్నట్నించీ నన్ను ఒక్క మాట పూర్తి చెయ్యనిచ్చిన మనిషి లేడు. మీరు మీ జపమాల తిప్పుకుంటూ వినండి. అవునంటే తలూపండి. కాదంటే మాత్రం ఊపకండి, ఉన్న కాస్త ధైర్యమూ జారిపోతుంది.

మా కాలేజీ చైర్మన్ కొండలరావుగారు దీపాలవేళకి ఇక్కడికే వస్తున్నారు. నిన్న ఆయన షష్టిపూర్తిలో అయిన రభసకి కారకులెవరో తేల్చడానికి. ఇవాళ పొద్దున ఇంటి దగ్గర పడుకునే ఫోన్ చేశారు. స్పీకర్ పెట్టించి, స్టాఫ్ అందరికీ వినపడేట్టు ఏమన్నారో తెలుసా? "ముహూర్తంలో దోషముంటే సిద్ధాంతిని మారుస్తా. యశస్వినిలో దోషముంటే యశస్వినిని మారుస్తా" అన్నారు. ఫ్యాను మార్చినంత తేలిగ్గా అనేశారు.

యశస్వినిని మారిస్తే నేనెక్కడికి పోవాలి చెప్పండి? నందిగామ చుట్టుపక్కల సర్వరు చూసుకునే ఉద్యోగం ఇంకెక్కడుంది? పెనుగంచిప్రోలు నించి రోజూ ఆటో ఎక్కి జగ్గయ్యపేట వచ్చి, అక్కణ్ణించి కాలేజీ బస్సు పట్టుకుని వెళ్తున్నా. మా అత్తగారింట్లో మిరపకాయలు తొడిమలు తియ్యడం కాకుండా నాదంటూ ఉన్న పని అదొక్కటే. అది పోతే పొద్దున్నే లేచి ఎక్కడికి తయారవ్వాలో కూడా నాకు తోచదు.

అందుకని మీ దగ్గరికొచ్చా. ఆయన రాగానే మీరు ఒక్క మాట అంటే చాలు. ముహూర్తమూ మంచిదే, అమ్మాయీ మంచిదే, ఏదో గ్రహం కాస్త పక్కచూపు చూసింది, చిన్న శాంతి చేయిస్తే సరిపోతుంది అనండి. మీ మాటా దక్కుతుంది, నా కుర్చీ దక్కుతుంది. నవగ్రహాలకి ఇదేం కొత్త కాదు గదా, ఎన్ని నిందలు మోశాయి పాపం.

అట్లా చూడకండి. సరే, మొదట్నించీ చెప్తా. మీరు కొబ్బరికాయ కొట్టారు గానీ, దేనికి కొట్టారో మీకెవరూ సరిగ్గా చెప్పి ఉండరు.

మా కాలేజీ మొత్తానికి ఇంటర్నెట్టు ఒకటే గుమ్మంలోంచి వస్తుంది. ఆ గుమ్మం దగ్గర కూచునే సాఫ్ట్‌వేర్‌ని ప్రాక్సీ అంటారు. ఎవరన్నా ఒక పేజీ అడిగితే బయట నించి తెచ్చిస్తుంది. ఇస్తూ ఒక కాపీ తన దగ్గర దాచుకుంటుంది. ఇంకొకరు అదే అడిగితే మళ్ళీ బయటికి పోకుండా దాచిందే పెడుతుంది. పొద్దున వండిన పప్పే పిన్నిగారు మధ్యాహ్నం వచ్చినవాళ్ళకి కూడా పెడతారు చూడండి, అట్లా.

మరి పప్పు పాచిపోతే? దానికీ ఓ లెక్కుంది. ప్రతి పేజీ మీదా పాల ప్యాకెట్ మీద ఉన్నట్టు ఫలానా రోజుదాకా బాగుంటుంది అని రాసి ఉంటుంది. ప్రాక్సీ తన గడియారం చూసుకుంటుంది. రోజు దాటితే పారబోసి కొత్తది తెస్తుంది. దాటకపోతే పాతదే పెడుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి. నా కొంప ముంచింది ఇదే.

ఆ ప్రాక్సీ మా దగ్గర ఏళ్ళ నాటిది. దానికి కన్నాలు పడ్డాయి, దొంగలు దూరతారు, కొత్తది వేసుకోండి అని అందరూ చెప్తూనే ఉన్నారు. కొత్తది వెయ్యాలంటే పాతది ఆపాలి. ఆపుతానని చైర్మన్‌గారిని అడిగా. అడగటమే నేను చేసిన పొరపాటు. "ఆపి మళ్ళీ మొదలెట్టడం అంటే కొత్తగా ప్రారంభించడమే గదమ్మా, సిద్ధాంతిగారిని అడుగుదాం" అన్నారు. ఎప్పుడో రాహుకాలంలో మోటారు వేస్తే బోరు ఎండిపోయిందట ఆయనకి. అప్పట్నించీ కాలేజీలో కొత్త డస్టర్ తీయాలన్నా క్యాలెండర్ చూడాల్సిందే.

మీరేమో బుధవారం పొద్దున దివ్యంగా ఉందన్నారు. అందరం సర్వర్ రూములో చేరాం. అది ఇద్దరు పట్టే గది, పదిమంది దూరారు. మీరు కర్పూరం వెలిగించగానే పైన పొగ కనిపెట్టే అలారం మోగింది. చైర్మన్‌గారు చేతులు జోడించి "శుభం" అన్నారు. మీరు కాయ కొడుతుంటే ఆ నీళ్ళు ఎక్కడ యూపీఎస్‌లోకి పోతాయోనని నా ప్రాణం కొట్టుకుంది. సర్వరు నల్లడబ్బాకి పసుపుతాడు కట్టారు. "ఇప్పుడు నొక్కమ్మా" అన్నారు. నొక్కా.

స్క్రీన్ మీద అక్షరాలు బారులు తీరాయి. అందరూ చప్పట్లు కొట్టి లడ్డూల కోసం బయటికి పోయారు.

అవేం అక్షరాలో చదివింది నేనొక్కదాన్నే. పాత సెట్టింగుల్లో ఎవరో ఎప్పుడో రాసిన ఒక లైను ఉందట, అదేంటో నాకు తెలీదు, నేను లెయ్యను అని కొత్త సాఫ్ట్‌వేర్ మొండికేసింది. మీ ముహూర్తం గడియల్లో అది పుట్టనే లేదండీ సిద్ధాంతిగారూ. పుట్టకముందే పసుపుతాడు కట్టేశాం.

మాల ఆగిపోయింది. తిప్పండి, తిప్పండి, ఇంకా ఉంది.

నేనేం చేశా? గప్‌చుప్‌గా పాతదాన్నే మళ్ళీ లేపా. చైర్మన్‌గారు తన గదిలో కంప్యూటర్ ముందు కూచుని, కొత్తది వచ్చాక నెట్టు గుర్రంలా పరిగెడుతోందమ్మా అని అందరికీ చూపించారు. ఆ గుర్రం పాతదే. ఆయన మొహంలో ఆ సంతోషం చూశాక కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. లడ్డూ నోట్లో ఉంది కూడా.

శుక్రవారానికి ఆ లైను సంగతేంటో తెలుసుకుని తీసేశా. అప్పుడు మా ప్రేమానందంగారి సంతాపసభ జరుగుతోంది. మా ల్యాబ్ అటెండరుగా చేసి రిటైరైన పెద్దాయన, ముందురోజే పోయారు. రెండు నిమిషాలు మౌనం పాటించి, అందరూ హాల్లో ఉన్నారు గదా, నెట్టు కాసేపు పోయినా ఎవరూ అరవరు అనుకుని కిందికి వచ్చి నొక్కా. ఒక్క మాట అనకుండా లేచి కూచుంది. ఎంత సంతోషమేసిందనుకున్నారు. కుర్చీలో వెనక్కి వాలి తలెత్తితే ఎదురుగా గోడకి క్యాలెండరు. అప్పుడు చూశా టైము.

నిండు రాహుకాలం.

పోనీ, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నా. అనుకున్నానో లేదో ఫోను. చైర్మన్‌గారు. "అమ్మా, ఆ సాఫ్ట్‌వేర్ ఎన్నింటికి మొదలైందో మిషనే రాసుకుంటుందట గదా, భవానీప్రసాద్ చెప్పాడు. మధ్యాహ్నం వచ్చి నా కళ్ళతో చూస్తా. ఆ టైముకి సిద్ధాంతిగారు జాతకం వేస్తానన్నారు" అన్నారు. భవానీప్రసాద్ అంటే మా ఆఫీసులో కాలేజీ వెబ్‌సైటు చూసుకునే అతను. ఆ ముక్క చెప్పకపోతే వాడి సొమ్మేం పోయింది? మీరు మాత్రం, సర్వరుకి జాతకం వేస్తానని ఎట్లా ఒప్పుకున్నారండీ? లారీలకి వేశానంటారా. అవును, మా నాన్న ట్రాక్టరుకీ వేశారు.

ఇహ నాకు వేరే దారి కనపడలేదు. సర్వరు తనంతట తాను బయటి గడియారాన్ని చూసి టైము సరిచేసుకుంటూ ఉంటుంది. అది ఆపా. చేత్తో గడియారాన్ని బుధవారం పొద్దుటికి తిప్పా. సరిగ్గా మీ ముహూర్తానికి. తిప్పి ప్రాక్సీని ఇంకోసారి మొదలెట్టా. బుధవారం పుట్టినట్టు బుద్ధిగా రాసేసుకుంది. పాపం దానికేం తెలుసు, గడియారం ఏం చెప్తే అదే నిజం.

చైర్మన్‌గారు వచ్చి, ఆ టైము రాసిన లైను మీద వేలు పెట్టి, ఆ వేలు కళ్ళకద్దుకున్నారు. ఆయన వెళ్ళగానే మళ్ళీ సరిచేద్దామని కూచున్నా. బస్సు హారన్ కొట్టింది. పరిగెత్తా. మర్నాడు రెండో శనివారం, సెలవు. సోమవారం చూద్దాంలే, ఈలోపల ఏం మునిగిపోతుంది అనుకున్నా.

మీరేమో శనివారం సాయంత్రానికల్లా జాతకం రాసిచ్చారు. దీర్ఘాయువు, విద్యాస్థానంలో గురుడు, యజమానికి ఆయుర్వృద్ధి. ఆ ఆయుర్వృద్ధి ఒక్కటీ రాయకుండా ఉండాల్సింది సిద్ధాంతిగారూ. ఆయన దాన్ని ఫ్రేము కట్టించి సర్వర్ రూము తలుపుకి కొట్టించారు. ఇప్పుడు మిమ్మల్ని పట్టుకున్నదీ ఆ మాటతోనే.

నిన్న కాలేజీలో మీరు లోపల కలశాల దగ్గర ఉన్నారు. వరండాలో ఏం జరిగిందో మీకు ముక్కలు ముక్కలుగా తెలిసి ఉంటుంది. నేను కళ్ళారా చూశా. చెప్తా వినండి.

వరండాలో పెద్ద టీవీ ఉంది గదా. అందులో ఎప్పుడూ మా కాలేజీ పేజీ కనపడుతూ ఉంటుంది. అదీ మా ప్రాక్సీ గుమ్మంలోంచే వస్తుంది. ఆ పేజీలో పైన చైర్మన్‌గారి ఫొటో, ఎప్పుడూ ఉండేదే. దాని కింద ఆ రోజు విశేషం. శుక్రవారం విశేషం ప్రేమానందంగారి సంతాపం. పాపం ఆయన ఫొటో ఆఫీసులో దొరకలేదట. అందుకని పైన చైర్మన్‌గారి ఫొటో, కింద ఇంతింత అక్షరాలతో అశ్రునివాళి, పవిత్రాత్మకు శాంతి కలగాలి, రెండు దీపాలు. అట్టడుగున చిన్న అక్షరాల్లో ప్రేమానందంగారి పేరు.

భవానీప్రసాద్ శనివారం రాత్రే దాన్ని మార్చేసి షష్టిపూర్తి పేజీ పెట్టాడు. ఇంట్లో ఫోన్లో చూసుకుంటే చక్కగా ఉంది. మా ప్రాక్సీ మాత్రం శుక్రవారం తెచ్చుకున్న కాపీనే పట్టుకుని కూచుంది. ఆ పేజీ మీద శనివారందాకా బాగుంటుందని రాసి ఉంది. దాని గడియారంలో శుక్రవారం ఇప్పుడిప్పుడే తెల్లారుతోంది. ఇంక పారబొయ్యడమెందుకు? బయటి సైట్లన్నీ తాళం వేసుకుని వస్తాయి, వాటిని ఇది దాచుకోలేదు, అందుకే అవన్నీ బాగానే వచ్చాయి. మా కాలేజీ పేజీ ఒక్కటే పాత పద్ధతిలో తలుపులు తెరుచుకుని ఉంటుంది.

మొదట వచ్చింది పుల్లమ్మగారు. చైర్మన్‌గారి మేనత్త. కంచికచర్ల నించి కారులో దిగి, చేతిలో పూలదండతో మెట్లెక్కి, టీవీ చూసింది. ఫొటో చూసింది. దీపాలు చూసింది. ఆవిడకి పెద్దక్షరాలే కనపడతాయి గదా. "నిన్న రాత్రి కూడా ఫోన్లో మాట్లాడావు గదయ్యా కొండలరావా" అని అక్కడే కూలబడి రాగం అందుకుంది. వెనకాల వస్తున్నవాళ్ళు అదేంటి అనుకుంటూ టీవీ చూసి, చెప్పులు విప్పేసి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎవరో పెద్దమనిషి ఆ దండ తీసుకుని టీవీకి వేశాడు కూడానూ. నేను పరిగెత్తుకెళ్ళి స్విచ్చి కట్టేద్దామంటే ఆ జనంలోంచి దారేది?

సరిగ్గా అప్పుడే చైర్మన్‌గారు పట్టుపంచె కట్టుకుని కారు దిగారు.

నవ్వుతున్నారా? మీసాలు కదిలాయి, నేను చూశా. నవ్వండి, నవ్వు మౌనంలోకి రాదు. నాకూ నిన్న నవ్వొచ్చింది, ఒక్క క్షణం. పుల్లమ్మగారు ఆయన్ని చూసింది, టీవీని చూసింది, మళ్ళీ ఆయన్ని చూసి, "వచ్చావా నాయనా" అని పక్కకి ఒరిగిపోయింది. మంచినీళ్ళు చల్లితే లేచిందిలెండి. లేచి మూడు జిలేబీలు తిన్నది.

కానీ ఆయన మొహం చూశాక నవ్వు ఆగిపోయింది. మనిషి తెల్లబోయి, తన ఫొటోకి వేసిన దండకేసి చూస్తూ ఉండిపోయారు. మొన్నదాకా గుర్రంలా పరిగెడుతోందమ్మా అని మురిసిపోయిన మనిషేనా అనిపించింది. అరవై నిండే రోజున గండం దాటడానికే గదా ఈ తంతంతా. ఆ రోజునే వాకిట్లో తన సంతాపం తనే చూసుకున్నాడాయె. నిన్నట్నించీ అన్నం ముట్టలేదట. పడుకుంటే కళ్ళు మూసుకోడానికి భయపడుతున్నారట. వాళ్ళావిడే చెప్పింది నాకు.

ఇదీ సంగతి. ఇప్పుడు మీరు శాంతి చెయ్యాలంటే... ఆగండి. శాంతి చెయ్యాలి అంటే ఆయన ఏమనుకుంటాడు? నిజంగానే గండం ఉందనుకుంటాడు. హోమం అయ్యేదాకా భయపడతాడు, అయ్యాకా భయపడతాడు. ఇందాక ఆటోలో వస్తూ ఇంతదూరం ఆలోచించలేదు.

పోనీ, గడియారం నేనే తిప్పా అని చెప్తే? ఓస్ ఇంతేనా అనుకుని అన్నం తింటాడు. తిని చెయ్యి కడుక్కుని నన్ను తీసేస్తాడు.

మీరు తల అడ్డంగా ఊపుతున్నారు. వద్దన్నానా? ఏం, గ్రహాల మీదికి నెట్టి అబద్ధం చెప్పనంటారా? అంతమాట మీరనకూడదు సిద్ధాంతిగారూ. నా పెళ్ళి సంగతి ఎత్తాల్సొస్తుంది.

మా నాన్న మా వీధి చివర నించి నా జాతకం పట్టుకుని మీ దగ్గరికి రావడం, కాదు, మీరే మా ఇంటికి రావడం గుర్తుందా? పెనుగంచిప్రోలు సంబంధం, సతీష్‌బాబు, అన్నీ నచ్చాయి. తీరా చూస్తే నాది మూలా నక్షత్రం. కోడలిది మూల అయితే మామగారికి గండం, వాళ్ళొప్పుకోరు అని మా నాన్న తల పట్టుకున్నాడు. నేను వంటింట్లో మీకు కాఫీ కలుపుతున్నా. మీరేమన్నారో అక్షరం పొల్లు పోకుండా విన్నా. "ఈ టైము ఆస్పత్రి గడియారం ప్రకారం రాసిందేగా? ఆస్పత్రి గడియారాలు ఎప్పుడూ వెనకపడే ఉంటాయి నాయనా" అన్నారు. కాఫీ చల్లారేలోపల నేను పూర్వాషాఢలోకి వెళ్ళిపోయా.

మరి నేనెక్కడ నేర్చుకున్నాననుకున్నారు? సర్వరు పని బెజవాడలో నేర్చుకున్నా. గడియారం తిప్పడం మాత్రం మీ దగ్గరే. మీరు నన్ను ముందుకి జరిపారు, నేను దాన్ని వెనక్కి జరిపా.

మా మామగారు సుబ్బరాయుడుగారికి ఏమన్నా అయిందా? మొన్న మిరపకోతల్లో కూలీల ముందు నడిచాడు. పళ్ళు కూడా ఊడలేదు. ఆ సర్వరు మాత్రం? రాహుకాలంలో పుట్టి నాలుగు రోజులైంది, ఒక్కసారి కూడా తుమ్మలేదు. అది ఎప్పుడు పుట్టినా బాగానే పనిచేసేది. నేను టైము మార్చాకే ఈ తిప్పలన్నీ.

ఏంటండీ, వేళ్ళు ముడుస్తున్నారు? శుక్రవారం లగ్నం కడుతున్నారా? ఆ కనుబొమలేంటి అట్లా పైకి పోయాయి? బాగుందా? రాహుకాలం అయినా బాగుందా? బుధవారం కంటే బాగుందా? తలూపుతున్నారు. మీరు దేన్నైనా బాగు చెయ్యగలరండీ, మీకో దణ్ణం.

పిన్నిగారు దీపం కుందిలో నూనె పోస్తున్నారు. వీధి మొదట్లో ఆ హారన్ మా చైర్మన్‌గారి కారుదే, నాకు తెలుసు.

సరే. ఆయన లోపలికి రాగానే మీరు నోరు తెరవకముందే నేను చెప్పేస్తా. బుధవారం లేవలేదు, శుక్రవారం లేచింది, గడియారం నేనే తిప్పా, మీకేం గండం లేదు, ఇంటికెళ్ళి అన్నం తినండి అని చెప్పేస్తా. తీసేస్తే తీసేస్తాడు. మిరపకాయలు ఎక్కడికీ పోవు, మా అత్తగారూ ఎక్కడికీ పోరు. ఆయన కోపంలో మీ మీదికి వస్తే మాత్రం కొత్త టైముకి కొత్త జాతకం మీ చేతిలో ఎలాగూ ఉంది. ఈసారి ఆయుర్వృద్ధి దగ్గర కాస్త తగ్గించి రాయండి.

ఒక్క మాట, కారు తలుపు పడింది, తొందరగా చెప్తా. సర్వరు టైము పొద్దున వెళ్ళగానే సరిచేసేశా. ఇవాల్టి తేదీయే నడుస్తోంది. నాది మాత్రం మీరు తిప్పినచోటే ఉండనివ్వండి. మా ఆయనకి తెలీదు, మామగారికి అసలే తెలీదు, ఇంట్లో బాగానే నడుస్తోంది.